కంపైలర్ 14కి మార్చినాక బిల్డ్ సగంలో ఆగిపోతా ఉంది (ఆర్చర్ సీ7, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 24.10)

కోనేటిగట్టు, తిరుపతి | సోమవారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. బైరాగిపట్టెడలో మాకొక స్టడీ హాల్ ఉంది. గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి చదువుకునే పిల్లలు వస్తారు. ఆడ రెండు టీపీలింక్ ఆర్చర్ సీ7 వీ2 రౌటర్లు పెట్టినా. 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్. పాతవే గానీ ఇంతవరకు ఒక్కరోజు మొరాయించలేదు. రౌటర్లకి వాడే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్, 23.05 వెర్షన్ మీద నడస్తా ఉండాయి. దాంట్లో నేను సీ భాషలో రాసుకున్న చిన్న ప్యాకేజీ ఒకటి ఉంది, పేరు గంటలెక్క. ఏ ఇంటర్‌ఫేస్ మీద ఎంత డేటా పోయిందో గంటకోసారి ఫైల్లో రాసి పెడతాది.

పోయిన వారం 24.10 సోర్సు దించుకుని, ఉన్నదున్నట్టు ఒకసారి బిల్డ్ చేసినా. బాగానే వచ్చింది. మొన్న మెనూకాన్ఫిగ్ అనే సెట్టింగుల మెనూలో డెవలపర్ ఆప్షన్ల కింద టూల్‌చైన్ (కంపైలర్, లింకర్ లాంటి పనిముట్లు) ఆప్షన్లు తెరిచి, జీసీసీ కంపైలర్ 13 తీసేసి 14 పెట్టి మళ్ళా మేక్ కొట్టినా. అప్పటినుంచి తిప్పలు. గంటలు గంటలు నడిచి చివర్లో "వరల్డ్, ఎర్రర్ 2" అని ఆగిపోతా ఉంది. మూడుసార్లు చేసినా. ఆగే చోటు కూడా ఒక్కటి కాదు, ఒక్కోసారి ఒక్కో తావున. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, ఉబుంటు. ఒకేసారి ఎనిమిది జాబ్‌లతో నడిపినా. తప్పు యాడుందో చెప్పండి అన్నా.

పాకాలజంక్షన్ | సోమవారం రాత్రి 11:52

"ఎర్రర్ 2" అనే మాటతో ఏమీ తెలీదు తమ్ముడూ. అది పైనున్న మేక్, కిందున్న మేక్ ఫెయిలైందని చెప్పే మాట. అసలు రోగం వందల లైన్ల పైన ఉంటాది. ఎనిమిది జాబ్‌లు ఒకేసారి పోతా ఉంటే అందరి మాటలూ కలిసిపోయి తప్పు చేసినోడెవడో కనిపించడు.

జాబ్‌లు ఒకటికి తగ్గించు, ప్రతి అడుగూ చూపించేట్టు వీ ఈక్వల్స్ ఎస్ పెట్టు, వచ్చేదంతా ఒక ఫైల్లోకి పోయేట్టు చూడు. ఆ ఫైల్ని పైనుంచి చదువుతా వచ్చి "ఎర్రర్" పక్కన కోలన్ ఉండే మొట్టమొదటి లైన్ పట్టుకో. దానికి ముందు ఇరవై లైన్లు, తర్వాత పది ఇక్కడ పెట్టు. చివరి లైన్ ఫోటో మాత్రం వద్దు.

కాణిపాకందారి | మంగళవారం ఉదయం 7:15

తెలియక అడుగుతున్నాను. మీకు కావాల్సింది 24.10, దాంట్లో ఒక ప్యాకేజీ. దానికి మొత్తం కంపైల్ చేయడం ఎందుకు? ఇమేజ్ బిల్డర్‌తో పది నిమిషాల్లో అయిపోతుంది కదా?

తలకోన | మంగళవారం ఉదయం 8:30

మంచి ప్రశ్న, చాలామందికి ఆ దారే సరిపోతుంది. ఇమేజ్ బిల్డర్ ఏదీ కంపైల్ చేయదు. ముందే కంపైలై ఉన్న ప్యాకేజీల్ని ఏరి రౌటర్‌లోకి ఎక్కించే ఒక ఇమేజ్ ఫైల్‌గా కడుతుంది. లూసీ అనే వెబ్ పేజీ కావాలి, ఫలానా వీపీఎన్ కావాలి, ఫలానాది వద్దు అనుకునేవాళ్ళకి అంతకంటే అక్కర్లేదు. సొంత సీ ప్యాకేజీ ఉంటే దాని పక్కనే ఎస్‌డీకే ఉంటుంది. టూల్‌చైన్ అందులో తయారుగా ఉంటుంది, మీ ప్యాకేజీ ఒక్కటే కంపైల్ చేసుకోవచ్చు.

కానీ ఆ ఎస్‌డీకేలో ఆ శాఖ డీఫాల్ట్ కంపైలరే ఉంటుంది. 23.05కి జీసీసీ 12.3, 24.10కి 13.3. కంపైలర్‌నే మార్చాలంటే మొత్తం సోర్సు తప్పదు. అందుకే కోనేటిగట్టుని అడుగుతున్నా: నీకు 14 ఎందుకు? రౌటర్ వేగం పెరుగుతుందని అయితే ఇంత కష్టం వద్దు. 720 మెగాహెర్ట్జ్ మిప్స్ ప్రాసెసర్ కంపైలర్ మారినంత మాత్రాన గుర్రం కాదు.

ఇంకోటి. 13 నుంచి 14కి మార్చినప్పుడు డైరెక్టరీ శుభ్రం చేశావా?

కోనేటిగట్టు | మంగళవారం మధ్యాహ్నం 2:05

వేగం కోసం కాదన్నా. కొత్త కంపైలర్ తప్పుల్ని గట్టిగా పట్టుకుంటాదని చదివినా. ఇవాళ కాకపోతే రేపు డీఫాల్ట్ అదే అవుతాది. నా ప్యాకేజీ ఆ రోజుకి నిలబడతాదా లేదా ఇప్పుడే తెలుసుకోవాలని.

శుభ్రం చేయలేదు. అదే డైరెక్టరీలో మళ్ళా మేక్ కొట్టినా.

పాకాల అన్న చెప్పినట్టు లాగ్ తీసినా. పాత లాగ్‌లో మొదటి ఎర్రర్ ఇది: "ఫేటల్ ఎర్రర్: కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1ప్లస్". ఒక్క జాబ్‌తో పెడితే ఆ ఎర్రర్ రాలేదు, ఇంకా నడస్తా ఉంది. ఎండకి ల్యాప్‌టాప్ కాలిపోతా ఉంది, ఫ్యాన్ కింద బండల మీద పెట్టినా.

పాకాలజంక్షన్ | మంగళవారం మధ్యాహ్నం 2:20

అదీ సంగతి. అది నీ కోడ్ తప్పు కాదు, జీసీసీ తప్పూ కాదు. ర్యామ్ అయిపోయి కెర్నలే సీసీ1ప్లస్‌ని, అంటే సీ++ కంపైల్ చేసే ప్రోగ్రామ్‌ని, చంపేసింది. కెర్నల్ లాగ్ చూపించే డీమెసేజ్ చూడు, "అవుట్ ఆఫ్ మెమరీ" అని నీకే కనిపిస్తాది. జీసీసీని కంపైల్ చేసేటప్పుడు కొన్ని ఫైళ్ళు ఒక్కొక్కటే జీబీకి దగ్గరగా మింగుతాయి. అట్లాంటివి నాలుగైదు ఒకే తూరి పడితే, పక్కన బ్రౌజర్ కూడా తెరిచుంటే, 8 జీబీ యాడ చాలుతాది. ఎవడికి ముందు వేటు పడుతుందో ప్రతిసారీ మారతాది కాబట్టి ఆగే చోటూ మారతా వచ్చింది.

మూడు జాబ్‌లు పెట్టుకో, స్వాప్ ఒక 4 జీబీ ఇచ్చుకో. రాత్రిపూట నడుపుకో.

కోనేటిగట్టు | బుధవారం ఉదయం 6:40

మూడు జాబ్‌లతో కంపైలర్ గట్టెక్కింది. సంతోషపడే లోపల ఒక సీ++ ప్యాకేజీ లింక్ చేసే దగ్గర "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అని వరసగా పాతిక లైన్లు. ఈ ప్యాకేజీని నేను ముట్టుకోనే లేదు. పోయిన వారం 13తో ఇదే ప్యాకేజీ బాగా వచ్చింది.

తలకోన | బుధవారం ఉదయం 9:10

ఇక్కడే నేను శుభ్రం చేశావా అని అడిగింది. ఒకసారి నీ బిల్డ్ డైరెక్టరీలోకి పోయి పేర్లు చూడు. టూల్‌చైన్ డైరెక్టరీ పేరులో జీసీసీ వెర్షన్ ఉంటుంది. అందుకే 14 పెట్టగానే 13ది పక్కన వదిలేసి కొత్త డైరెక్టరీ తెరిచింది. ఇప్పుడు టార్గెట్ డైరెక్టరీ పేరు చూడు: టార్గెట్, మిప్స్ 24కేసీ (ప్రాసెసర్ రకం), మస్ల్ (సీ లైబ్రరీ). అంతే. దాంట్లో కంపైలర్ వెర్షన్ లేదు. అంటే పోయిన వారం 13 తయారుచేసిన లైబ్రరీలు, ఆబ్జెక్టులు అందులోనే కూర్చుని ఉన్నాయి. "ఇది అయిపోయింది" అని గుర్తు కూడా పెట్టుకుని ఉన్నాయి కాబట్టి మేక్ వాటి జోలికి పోలేదు. కొత్త కంపైలర్ కట్టిన ముక్కల్ని పాత కంపైలర్ కట్టిన ముక్కలకి అతికించబోయావు. సీ అయితే చాలావరకు సర్దుకుపోతుంది, సీ++ దగ్గర దొరికిపోతుంది.

కంపైలర్ అంటే వెయ్యి ప్యాకేజీల్లో ఒక ప్యాకేజీ అనుకోవద్దు. ఇంటికి పునాది అది. పునాది తీసి కొత్తది వేశాక పాత గోడల్ని అట్లాగే నిలబెడతానంటే కుదరదు.

మేక్ డర్‌క్లీన్ కొట్టు. కట్టినవన్నీ, హోస్ట్ టూల్స్‌తో (ల్యాప్‌టాప్ మీద నడిచే పనిముట్లు) సహా, పోతాయి. డౌన్‌లోడ్ చేసిన టార్‌బాల్స్ ఉండే డీఎల్ డైరెక్టరీ, నీ కాన్ఫిగ్ రెండూ మిగులుతాయి, కాబట్టి నెట్ మళ్ళీ ఖర్చు కాదు. హోస్ట్ టూల్స్ ఉంచుకోవాలంటే టార్గెట్‌క్లీన్ చాలు. డిస్ట్‌క్లీన్ మాత్రం చేతికి రానివ్వకు, అది కాన్ఫిగ్‌ని, డౌన్‌లోడ్లని కూడా ఊడ్చేస్తుంది. ఏది కొట్టినా ముందు కాన్ఫిగ్ ఫైల్ బయట ఒక కాపీ పెట్టుకో.

స్వర్ణముఖి, చంద్రగిరి | బుధవారం సాయంత్రం 5:30

నేను ఇంజినీరింగ్ పిల్లలకు సీ చెబుతాను. మొన్న ల్యాబ్‌లో ఒక అమ్మాయి బిల్డ్ స్క్రీన్ చూస్తూ "మేడమ్, జీసీసీ రెండుసార్లు కంపైల్ అవుతోంది, ఎందుకు?" అని అడిగింది. ఇనీషియల్ అని ఒకసారి, ఫైనల్ అని ఒకసారి. తలకోన గారూ, మీరు చెబితే ఈ థ్రెడ్ వాళ్ళకు చూపిస్తాను.

తలకోన | బుధవారం రాత్రి 9:45

ఆ అమ్మాయి సరైన చోట పట్టుకుంది మేడమ్.

మన ల్యాప్‌టాప్ ఎక్స్86. రౌటర్ మిప్స్. ల్యాప్‌టాప్ మీద నడుస్తూ మిప్స్ కోడ్ పుట్టించే కంపైలర్ కావాలి. పూర్తి స్థాయి జీసీసీ కట్టాలంటే, అంటే సీ++ లైబ్రరీతో సహా, ఆ రౌటర్‌కి సంబంధించిన సీ లైబ్రరీ ముందే ఉండాలి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో అది మస్ల్. కానీ మస్ల్ కట్టాలంటే మిప్స్ కోడ్ పుట్టించే కంపైలర్ ఉండాలి. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు.

ఆ ముడి విప్పడానికే రెండుసార్లు. మొదట హోస్ట్ టూల్స్. జీసీసీకి లెక్కలకి కావాల్సిన జీఎంపీ, ఎంపీఎఫ్‌ఆర్, ఎంపీసీ అక్కడే వస్తాయి. తర్వాత అసెంబ్లర్, లింకర్ ఉండే బిన్‌యుటిల్స్. ఆ తర్వాత ఇనీషియల్ జీసీసీ. దానికి సీ లైబ్రరీ తెలీదు, సీ++ రాదు, మస్ల్‌ని కట్టేంత తెలివి మాత్రం ఉంటుంది. దాంతో మస్ల్ కడతారు. ఇప్పుడు లైబ్రరీ చేతికొచ్చింది కాబట్టి ఫైనల్ జీసీసీ. రౌటర్‌లోకి పోయే ప్రతి ప్యాకేజీనీ కంపైల్ చేసేది ఈ ఫైనల్‌దే. పిల్లలకి డైరెక్టరీలు తెరిచి చూపించండి. మాటల్లో విన్నదానికంటే ఆ వరస కళ్ళతో చూస్తే మర్చిపోరు.

కాణిపాకందారి | బుధవారం రాత్రి 10:20

మెనూలో లేని వెర్షన్ కావాలంటే?

తలకోన | బుధవారం రాత్రి 10:50

టూల్‌చైన్ కింద జీసీసీ డైరెక్టరీలో కాన్ఫిగ్ డాట్ ఇన్, కాన్ఫిగ్ డాట్ వెర్షన్ అని రెండు ఫైళ్ళుంటాయి, మెనూలో కనిపించేది వాటినుంచి వస్తుంది. కామన్ డాట్ ఎంకేలో ఆ వెర్షన్ టార్‌బాల్‌కి షా256 హ్యాష్ (ఫైల్ సరైనదేనా అని సరిచూసే గుర్తు) రాయాలి, అది కలవకపోతే డౌన్‌లోడ్ దగ్గరే ఆపేస్తుంది. పని ఉండేది ప్యాచ్‌ల దగ్గర. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ జీసీసీ మీద సొంత ప్యాచ్‌లు, అంటే సోర్సులో చిన్న మార్పులు, వేస్తుంది. పాత వెర్షన్ ప్యాచ్‌ల్ని కాపీ చేసి, కొత్త సోర్సు మీద ఒక్కొక్కటి అతుకుతుందో లేదో చూడాలి. అసలు జీసీసీలోనే కలిసిపోయినవి తీసేయాలి, లైన్లు జరిగినవి రిఫ్రెష్ చేయాలి. అతకని ప్యాచ్‌ని అర్థం చేసుకోకుండా తీసి పారేస్తే బిల్డ్ అవుతుంది, రౌటర్‌లో ఎప్పుడో బయటపడుతుంది.

కోనేటిగట్టు | గురువారం రాత్రి 8:15

తలకోన అన్నా, డర్‌క్లీన్‌తో ఆ అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్‌లన్నీ మాయం! చివరికి ఆగింది నా సొంత ప్యాకేజీ దగ్గరే. "ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్ బేస్‌నేమ్" అని. 23.05లో ఇదే ఫైల్ నోరు మెదపకుండా కంపైల్ అయ్యేది.

నెట్‌లో వెతికితే మేక్‌ఫైల్లో అట్లాంటి ఎర్రర్లన్నిటినీ వార్నింగులుగా దించే ఫ్లాగ్ ఒకటి చెప్పినారు. పెట్టినా, అయిపోయింది. ముందు ఇమేజ్‌ని, దాన్ని రౌటర్‌కి ఎక్కించే సిస్‌అప్‌గ్రేడ్ కమాండ్ టెస్ట్ ఆప్షన్‌తో సరిచూసుకుని, సెట్టింగులు బ్యాకప్ తీసుకుని, రెండు రౌటర్లకీ ఎక్కించినా. గంటలెక్క కూడా నడస్తా ఉంది. అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. ప్యాకేజీ సోర్సు ఈడ పెడతా ఉండా, ఎవరికన్నా పనికొస్తే వాడుకోండి.

మామిడితోట, బంగారుపాళ్యం | శనివారం మధ్యాహ్నం 1:10

నాయనా, నీ గంటలెక్క నాకు బాగా నచ్చింది. తోటలో మోటారు గది దగ్గర కెమెరాలకి ఒక రౌటర్ పెట్టుకోనుండా. ఫిలాజిక్ రకం, ఏఆర్మ్ 64 బిట్ల ప్రాసెసర్. నీ సోర్సు తీసుకుని, నీ ఫ్లాగ్ మాదిరే పెట్టి 14తోనే కట్టినా. కంపైల్ అయితే అయింది. రౌటర్‌లో నడిపితే చిటికె కూడా పట్టలేదు, "సెగ్మెంటేషన్ ఫాల్ట్". పదిసార్లు నడిపితే పదిసార్లూ అంతే. నీకాడ బాగుండేది నాకాడ ఎందుకు పడిపోతా ఉంది? రౌటర్‌లో ఏమన్నా లోపమా?

కోనేటిగట్టు | శనివారం మధ్యాహ్నం 1:45

నాకాడ మూడు రోజులుగా ఒక్కసారి కూడా పడలేదు పెద్దాయనా. నాకూ అర్థం కావడం లేదు.

స్వర్ణముఖి | శనివారం సాయంత్రం 4:20

రౌటర్‌లో లోపం లేదు. లోపం ఆ ఫ్లాగ్‌లో ఉంది. సోర్సు చదివాను, కొంచెం వివరంగా చెబుతాను.

గంటలెక్కలో ఇంటర్‌ఫేస్ పూర్తి దారి, అంటే సిస్, క్లాస్, నెట్ అని వచ్చే పొడుగాటి పేరు, బేస్‌నేమ్ ఫంక్షన్‌కి ఇచ్చి చివరి ముక్క తీసుకుంటున్నారు. ఫైల్ మొదట్లో చేర్చింది స్ట్రింగ్ హెడర్ (ఫంక్షన్ల డిక్లరేషన్లు ఉండే ఫైల్) ఒక్కటే. 23.05లో మస్ల్ 1.2.4 ఉంది. దాని స్ట్రింగ్ హెడర్‌లో గ్నూ పద్ధతి అడిగినవాళ్ళకి బేస్‌నేమ్ డిక్లరేషన్ ఉండేది. 24.10లో మస్ల్ 1.2.5 వచ్చింది, 2024లో విడుదలైన ఆ వెర్షన్‌లో ఆ డిక్లరేషన్ తీసేశారు. అంటే మీ ఫైల్‌కి బేస్‌నేమ్ అంటే ఏమిటో ఇప్పుడు తెలీదు.

తెలియని ఫంక్షన్ కనబడితే పాత సీ ఏం చేసేదంటే, అది ఇంట్ తిరిగిస్తుందని తనే అనుకునేది. 1999 నాటి సీ99 ప్రమాణమే ఈ అలవాటును తీసేసింది. పాత కోడ్ ఆగిపోకూడదని జీసీసీ ఇన్నేళ్ళూ వార్నింగ్‌తో వదిలిపెట్టింది. 2024లో వచ్చిన 14తో దాన్ని ఎర్రర్ చేసింది. మీరు ఫ్లాగ్ పెట్టి మళ్ళీ వార్నింగ్‌కు దించారు.

ఇప్పుడు అసలు విషయం. బేస్‌నేమ్ తిరిగిచ్చేది ఇంట్ కాదు, పాయింటర్. కోనేటిగట్టు గారి మిప్స్ రౌటర్ 32 బిట్లది. అక్కడ ఇంట్ 32 బిట్లు, పాయింటర్ 32 బిట్లు. తప్పు పేరుతో పోయినా కొలత సరిపోయింది కాబట్టి అడ్రస్ చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది. మామిడితోట గారి రౌటర్‌లో పాయింటర్ 64 బిట్లు, ఇంట్ మాత్రం 32 బిట్లే. అడ్రస్‌లో పై సగం తెగిపోయింది. తెగిన అడ్రస్ దగ్గరకు పోయి పేరు చదవబోతే సెగ్మెంటేషన్ ఫాల్ట్.

కాబట్టి మూడు రోజులుగా నడుస్తున్నది సరైన ప్రోగ్రామ్ కాదండీ. మెషీన్ కొలతలు కలిసొచ్చి నడుస్తోంది. మిప్స్ రౌటర్‌లో కూడా ఆ ఫ్లాగ్ ఉంచకండి. మస్ల్ 1.2 నుంచి 32 బిట్ల మెషీన్ల మీద కూడా టైమ్‌టీ, అంటే సమయాన్ని దాచే రకం, 64 బిట్లు. రేపు మీరు ఆ రకం విలువ తిరిగిచ్చే సొంత ఫంక్షన్ ఒకటి రాసుకుని హెడర్ లేకుండా పిలిస్తే మీ రౌటర్ దగ్గర కూడా సగం తెగుతుంది, పైకి ఏ ఎర్రరూ కనబడదు.

పాకాలజంక్షన్ | శనివారం సాయంత్రం 5:05

మేడమ్ చెప్పిన మాట నాకు ఇవాళే తెలిసింది. నా ప్యాకేజీల్లో ఆ ఫ్లాగ్ రెండు చోట్ల ఉంది. ఇప్పుడే తీస్తా ఉండా.

కోనేటిగట్టు | శనివారం సాయంత్రం 5:30

అక్కా, చదువుతా ఉంటే గుండె జారింది. తప్పుల్ని పట్టుకుంటాదని కంపైలర్ మార్చుకుంది నేనే, పట్టుకున్నప్పుడు దాని నోరు మూసిందీ నేనే. బేస్‌నేమ్‌కి లిబ్‌జెన్ అనే హెడర్ చేరిస్తే సరిపోతాదా?

తలకోన | శనివారం రాత్రి 7:40

ఒక్క క్షణం ఆగు. లిబ్‌జెన్ చేరిస్తే కంపైల్ అవుతుంది, 64 బిట్ల మీద పడిపోదు కూడా. కానీ బేస్‌నేమ్‌లు రెండు రకాలు. గ్నూ రకం నువ్విచ్చిన స్ట్రింగ్‌ని ముట్టుకోదు. లిబ్‌జెన్‌లోది పాజిక్స్ ప్రమాణం చెప్పిన రకం, దానికి నువ్విచ్చిన స్ట్రింగ్‌నే మార్చే హక్కు ఉంది. దారి చివర స్లాష్ ఉంటే దాన్ని కొట్టేసి మరీ జవాబిస్తుంది. నీ కోడ్‌లో నలభై రెండో లైన్ దగ్గర కోట్స్‌లో రాసిన స్థిరమైన స్ట్రింగ్‌ని నేరుగా ఇస్తున్నావు, రేపు దాని చివర స్లాష్ చేరిందంటే ప్రమాదం. స్థిరమైన స్ట్రింగ్ ఉండేది రాయడానికి వీల్లేని మెమరీలో. అక్కడ రాయబోతే మళ్ళీ అదే సెగ్మెంటేషన్ ఫాల్ట్.

నీకు కావాల్సింది చివరి స్లాష్ తర్వాత ముక్క. దానికి బేస్‌నేమ్ ఎందుకు? స్ట్రింగ్‌లో వెనకనుంచి అక్షరం వెతికే స్ట్రార్‌చర్ ఉంది కదా. స్లాష్ దొరికితే దాని పక్కనుంచి తీసుకో, దొరక్కపోతే మొత్తం పేరే తీసుకో. నలభై రెండో లైన్‌లో చివర స్లాష్ చేరనివ్వకు. ఏ లైబ్రరీ మీదైనా, ఏ ప్రాసెసర్ మీదైనా ఒకే జవాబు వస్తుంది.

కోనేటిగట్టు | ఆదివారం ఉదయం 10:15

మార్చినా. ఫ్లాగ్ తీసేసినా. తీయగానే ఇంకో ఎర్రర్ బయటపడింది: ఒక చోట పాయింటర్‌ని ఇంట్‌లో పెట్టినా. అది కూడా 14 ఎర్రర్‌గా చూపిస్తాదని ఇప్పుడే తెలిసింది. అదీ సరిచేసినా. ఇప్పుడు ఒక్క వార్నింగ్ లేకుండా వస్తా ఉంది. పాత సోర్సు తీసేసి కొత్తది పెట్టినా. పెద్దాయనా, ఒకసారి చూడండి.

ఇంకొక సందేహం. పెన్‌డ్రైవ్ కోసం యూఎస్‌బీ స్టోరేజ్ మాడ్యూల్ ఒకటి రౌటర్‌లోనుంచే ఇన్‌స్టాల్ చేయబోతే కెర్నల్ వెర్షన్ కలవడం లేదని ఒప్పుకోవడం లేదు. నాదీ 24.10 కదా?

పాకాలజంక్షన్ | ఆదివారం ఉదయం 10:40

నీది 24.10యే గానీ కెర్నల్ నువ్వు కట్టుకున్నది. కెర్నల్ మాడ్యూళ్ళ మీద ఒక హ్యాష్ ఉంటాది. కెర్నల్ కాన్ఫిగ్‌లో చిన్న తేడా ఉన్నా అధికారిక రిపోజిటరీలోని మాడ్యూల్‌తో అది కలవదు. బలవంతంగా ఎక్కించొద్దు. మెనూకాన్ఫిగ్‌లో ఆ మాడ్యూల్‌కి ఎం (విడి ప్యాకేజీగా కట్టమని) పెట్టి నీ సోర్సు డైరెక్టరీలోనే కట్టుకో. సొంత బిల్డ్ చేసేవాళ్ళు తమకి కావాల్సిన మాడ్యూళ్ళన్నీ ముందే ఎంచుకుని పెట్టుకోవాల్సిందే.

మామిడితోట | ఆదివారం రాత్రి 8:55

నాయనా, కొత్త సోర్సు 14తో కట్టి మధ్యాహ్నం మూడు గంటలకి ఎక్కించినా. నాలుక్కి ఒకటి, ఐదుకి ఒకటి, ఇట్లా ఇప్పటిదాకా ఐదు లైన్లు రాసింది. ఇంటర్‌ఫేస్ పేర్లు పూర్తిగా వస్తా ఉండాయి. ఆరున్నరకి కరెంటు పోయి ఏడుకి ముందే వచ్చింది, రౌటర్ లేచినాక అది కూడా తనే లేచి ఏడు గంటల లెక్క రాసుకుంది.